దిగులుకీ చరిత్ర వుంది: తిరుచానూరు దళిత క్రైస్తవుల చింత గురించి

కార్తీక బ్రహ్మోత్సవాల్లో ఆఖరు రోజు పంచమీ తీర్థం. పద్మసరోవరంలో మునకేయడానికి తిరుచానూరుకి జనం వేలకు వేలుగా వస్తారు. ఆ జనం తిరిగిపోయాక రోడ్లు వూడ్చేవాళ్ళలో, ఎంగిలాకులు ఎత్తేవాళ్ళలో, లాడ్జీల్లో దుప్పట్లు వుతికేవాళ్ళలో చుట్టుపక్కల దళితవాడల వాళ్ళు వుంటారు. తీర్థానికి అటూ ఇటూగా డిసెంబరు వస్తుంది. తిరుపతి అంగళ్ళలో కాగితం నక్షత్రాలు వేలాడతాయి. అప్పుడు మా వాడల్లో ఏటా ఒక మాట నడుస్తుంది: 'నక్షత్రం ఇంటి బయట కట్టాల్నా, లోపల కట్టాల్నా?'

బయటివాళ్ళకి ఇది నవ్వులాట మాట. మాకు కాదు. మాకు తెలిసిన ఇళ్ళన్నీ కలిపి ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో కొడుకు ఒక కాంట్రాక్టరు కింద పారిశుద్ధ్యం పనిలో వున్నాడు. కూతురు ఎస్సీ సర్టిఫికెట్టు మీద స్కాలర్‌షిప్పు తీసుకుని డిగ్రీ చదువుతా వుంది. తల్లి పెళ్ళయిన నాటినుంచీ శుక్రవారం ఉపవాస కూటానికి పోతా వుంది. నక్షత్రం బయట కడితే ఎవురన్నా చూస్తారు. ఎవురన్నా ఫోటో తీస్తారు. ఎవురన్నా పోయి ఆఫీసులో చెప్తారు. 'లోపల కట్టినా దేవుడు చూస్తాడులే మే' అని అవ్వ తేల్చేస్తుంది. నక్షత్రం లోపలే వెలుగుతుంది. కూతురికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు.

మర్నాడు ఆదివారం. చింత పడేవాళ్ళకి విశ్వాసం తక్కువని ప్రసంగంలో చెప్తారు. ఆ పిల్ల తలొంచుకుని వింటుంది. ఇప్పుడామెకు రెండు దిగుళ్ళు. ఒకటి సర్టిఫికెట్టు గురించి. రెండోది, దిగులు పడినందుకు.

ఈ రెండో దిగులు గురించే మేం రాస్తున్నాం. మొదటిదాన్ని చట్టమూ, కులమూ, కూలీ చేశాయి. రెండోదాన్ని మాత్రం మన చర్చే మన నెత్తిన పెడుతోంది. దళిత క్రైస్తవుల చింత విశ్వాసలోపం కాదనీ, దానికి తేదీలతో సహా చరిత్ర వుందనీ, ఆ చరిత్రలోనే దాన్ని మోసే విద్య కూడా వుందనీ మా వాదన.

పేర్లు

ఆంగ్జైటీ అనే మాట మన వాడల్లోకి నిన్న మొన్న వచ్చింది. అంతకు ముందు మనకి మాటలు లేవా? దిగులు, బెంగ, గుబులు, కలత, గుండెదడ, బుగులు. తెలుగు బైబిలు వాడిన మాట చింత. ఇన్ని పేర్లున్నాయంటే ఈ బాధతో మన జనానికి పరిచయం పాతదేనన్న మాట. కానీ ఎవరి చరిత్ర ఎవరు రాశారు? రాజుల యుద్ధాలకి చరిత్ర వుంది. కూలివాడి గుండెదడకి చరిత్ర వుంటుందని ఎవరూ అనుకోలేదు.

నిమ్హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో వున్నారనీ, వాళ్ళలో ఎక్కువ మందికి వైద్యమే అందడం లేదనీ తేల్చింది. ఆ పన్నెండులో ఆంధ్ర లేదు, పక్కనున్న తమిళనాడు వుంది. వైద్యం అందని ఆ ఎక్కువమంది రాత్రిళ్ళు ఎవరి దగ్గరికి పోతారు? మన వాడల్లో అయితే కూటానికి పోతారు. కాబట్టి కూటంలో ఏం చెప్తున్నారనేది ఒక్క మతం సంగతి కాదు, ప్రజారోగ్యం సంగతి కూడా.

కరువు నాటి భయం

మన తాతల తాతల్ని క్రైస్తవంలోకి నడిపింది కూడు ఆశ అని అగ్రకుల చరిత్రకారులు రాస్తూ వచ్చారు. గంజి కోసం మారినవాళ్ళని ఎగతాళి చేశారు. ఆ మాటని కాస్త తిరగేసి చూద్దాం.

1876–78 నాటి కరువు మద్రాసు రాజధానిలో లక్షల మందిని మింగింది. సీమ జిల్లాల్ని ఎండగట్టింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకి తీసుకుని మాదిగలకి పని చూపించాడు. కూడు కోసమే మారేవాళ్ళయితే ఆ పని దొరికిన రోజుల్లోనే మారి వుండాలి. కానీ సహాయం పంచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం ఆగారు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజునే 2,222 మంది మునిగారు. గంజి అయిపోయాక వచ్చినవాళ్ళు దేనికోసం వచ్చినట్టు?

వీళ్ళకన్నా ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. క్రైస్తవం వినక ముందే యోగ సాధన నేర్చినవాడు. మనసుని నిలబెట్టుకోవడం ఎట్లా అనే ప్రశ్న దొరలు వచ్చి మనకి నేర్పింది కాదని పేరయ్య బతుకే సాక్ష్యం. ఆ ప్రశ్న మన పల్లెల్లో అప్పటికే వుంది.

మన వైపు చరిత్ర కూడా ఆ కాలానిదే. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను తరఫున ఆగస్ట్ మైలియస్ 1865లో సూళ్ళూరుపేటలో పని మొదలుపెట్టాడు. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి వరకూ ఆ పని సాగింది. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం దాని కొనసాగింపే. పడమటి వైపు మదనపల్లెలో అమెరికన్ ఆర్కాటు మిషను డాక్టరు జేకబ్ చేంబర్లేన్ 1863 నుంచీ వైద్యమూ ప్రసంగమూ కలిపి నడిపాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలని శత్రుదేశస్తుల కింద లెక్కేసింది. నిన్నటిదాకా దొరగారు వున్న బంగళాలో ఇవాళ దొరగారు లేరు. తర్వాత అమెరికా ఒహాయో లూథరన్లు వచ్చి ఆ సంఘాల బాధ్యత తీసుకున్నారు. దూరదేశాల యుద్ధాలు కూడా మన పల్లె గుండెల్లో దిగులు పుట్టించగలవని ఆ తరానికి తెలుసు.

కూటం ఒక విద్య

ఆ దిగుళ్ళని మనవాళ్ళు ఎట్లా మోశారు? పెద్ద చర్చి భవనాల్లో కాదు. కూటంలో.

కూటం అంటే ఒక ఇంటి వరండా, ఒక చాప, ఒక లాంతరు. చదువొచ్చిన ఒక్కరు వాక్యం చదువుతారు. తక్కినవాళ్ళు పాట అందుకుంటారు. ఆ తర్వాత సాక్ష్యాలు. సాక్ష్యం అనే ఈ పద్ధతిని మన పరిశోధకులు ఇంతవరకూ సరిగా పట్టించుకోలేదు. పొలంలో నోరెత్తకూడని ఆడమనిషి ఇక్కడ లేచి నిలబడి, పదిమందీ వింటుండగా తన కష్టాన్ని మొదటినుంచీ చివరిదాకా చెప్తుంది. మొగుడు తాగొచ్చిన రాత్రి, బిడ్డకి జ్వరం కాసిన రాత్రి, ఆసామి కూలి ఎగ్గొట్టిన రోజు. ఎవరూ మధ్యలో ఆపరు. చివర్లో అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఆ కష్టం ఆ రాత్రి నుంచి ఆమె ఒక్కదానిది కాదు.

బైబిలు స్త్రీలు ఈ విద్యని ఇల్లిల్లూ మోసుకుపోయారు. మిషను రికార్డుల్లో వాళ్ళకి దక్కింది ఒకటీ అరా వాక్యాలే. కానీ చదువు రాని ఆడవాళ్ళ పక్కన కూచుని వాక్యం వినిపించి, వాళ్ళ గోడు విని, కూడా ఏడ్చి లేచొచ్చింది వీళ్ళే. ఈనాడు కౌన్సెలింగ్ అని డబ్బులు పెట్టి నేర్చుకునే పనిని వాళ్ళు కాలినడకన చేశారు.

అట్లాగని మనవాళ్ళు ఒక్క దేవుణ్ణే నమ్ముకుని నిశ్చింతగా బతికారని మేం చెప్పడం లేదు. అది అబద్ధమవుతుంది. పి.వై. లూక్, జాన్ కార్మన్ 1950ల చివర్లో మెదక్ ప్రాంతపు పల్లె సంఘాల్ని దగ్గరగా చూసి 1968లో పుస్తకం ప్రచురించారు. జబ్బు భయం వచ్చినప్పుడు క్రైస్తవులు కూడా గ్రామదేవతల్ని పూర్తిగా వదల్లేదని అందులో నమోదు చేశారు. మన దగ్గర గంగమ్మ జాతర సంగతి ఎవరికి తెలియదు? ఇంట్లో అమ్మవారు పోసినప్పుడు వేపాకు కట్టిన చెయ్యే రాత్రి బైబిలు తలకింద పెట్టింది. దీన్ని చూసి దొరలు విగ్రహారాధన అన్నారు, మన పాస్టర్లు వెనకబాటుతనం అన్నారు. మేమైతే దీన్ని భయంతో బతికే మనిషి చేతికి దొరికిన ప్రతి కొమ్మా పట్టుకోవడంగా చూస్తున్నాం.

ఇంకో సంగతి. ప్రార్థనకీ మందుకీ పోటీ పెట్టడం మన సంప్రదాయం కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని 1915లో పలు మిషన్లు కలిసి నెలకొల్పాయి. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపాడు. క్షయకి సరైన మందులే లేని రోజులవి. రోగులు నెలల తరబడి పడకల మీద, చావు భయంతో గడిపేవాళ్ళు. అక్కడ ప్రార్థనా వుంది, ఎక్స్‌రే కూడా వుంది. ఈ చరిత్ర తెలిసినవాళ్ళు ఎవరూ 'మాత్రలు మానెయ్, విశ్వాసం చాలు' అని చెప్పలేరు. కానీ ఇవాళ కొన్ని స్వస్థత సభల్లో ఆ మాట వినపడుతోంది. అది మన పెద్దల విద్య కాదు.

కాగితం చేసిన భయం

కరువు భయం వచ్చి పోయేది. స్వతంత్రం వచ్చాక మనకి పోని భయం ఒకటి వచ్చింది. దాన్ని కాగితం చేసింది.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఇచ్చారు. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్ళని షెడ్యూల్డు కులంవాళ్ళుగా లెక్కించకూడదని దాని మూడో పేరా. 1956లో సిక్కు దళితులందర్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చుకున్నారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో మారినవాళ్ళనీ వాళ్ళ సంతానాన్నీ బీసీ–సి కింద పెట్టి 1 శాతం ఇచ్చారు. ఎస్సీ కోటా 15 శాతం. అంటే మారడంతో అంటరానితనం పోయిందన్న మాట చట్టం నమ్మింది గానీ, వూరు నమ్మలేదు. వూళ్ళో మనం మాలపల్లోళ్ళమే, మాదిగపల్లోళ్ళమే. ఆఫీసులో మాత్రం కాదు.

కోర్టుల్లో ఈ కథ ఎట్లా నడిచిందో చూడండి. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ వర్సెస్ వై. మోహన్‌రావు కేసు. తల్లిదండ్రులు మాదిగలు, క్రైస్తవంలోకి మారారు. కొడుకు తిరిగి హిందువయ్యాడు. కులం తిరిగి చేర్చుకుంటే అతను ఆ కులంవాడే అవుతాడని సుప్రీంకోర్టు అంది. అంటే ఒక కుర్రాడి డాక్టరు చదువు అతని దేవుడి మీద ఆధారపడింది. 1985లో సూసై కేసు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి. పక్కనున్న హిందూ చర్మకారులకి ప్రభుత్వం బంకు ఇచ్చింది, క్రైస్తవుడని ఆయనకి ఇవ్వలేదు. మారిన తర్వాత కూడా అదే స్థాయి వెనకబాటు వుందని చూపించలేదంటూ కోర్టు తోసేసింది. అదే తోలు, అదే సూది. అయినా రుజువు కావాలట!

2007లో రంగనాథ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమంది. 2009లోనూ, మళ్ళీ 2023 మార్చిలోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇంకో పక్క 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన సెల్వరాణి కేసులో, క్రైస్తవం పాటిస్తూ వుద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, గుంటూరు ప్రాంతపు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసుని కొట్టేసింది. మారిన మనిషికి 1989 నాటి చట్టం రక్షణ వుండదని కారణం చెప్పింది.

తిరుచానూరులో ఈ భయానికి ఇంకో పొర వుంది. వూరి బతుకంతా గుడి చుట్టూ తిరుగుతుంది. దేవస్థానం వుద్యోగాలు హిందువులకే అని 1989 నాటి సర్వీసు నిబంధన. 2025 ఫిబ్రవరిలో అన్యమత ఆచారాలు పాటిస్తున్నారంటూ 18 మంది వుద్యోగుల మీద దేవస్థానం చర్యలకి దిగింది. గుడి నియమం గుడిదని వాదించేవాళ్ళు వున్నారు, వాళ్ళ వాదన వాళ్ళది. మేం అడిగేది వేరే. కులం వల్ల వేరే పని దొరకని చోట, వున్న ఒక్క పని చుట్టూ ఇట్లాంటి గీత వున్నప్పుడు ఆ గీత పక్కన నిలబడ్డ మనిషి గుండె ఎట్లా కొట్టుకుంటుంది? ఇక తిరుచానూరు వుండే చిత్తూరు లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. పక్కనున్న తిరుపతి స్థానమూ అంతే. ఆ రెండింటిలోనూ దళిత క్రైస్తవుడు ఓటు వేయొచ్చు. తాను క్రైస్తవుణ్ణని చెప్పుకుని మాత్రం నిలబడలేడు.

కాబట్టి మన ఇళ్ళల్లో ఒక్కో మనిషికి రెండు పేర్లు. బళ్ళో ఒకటి, చర్చిలో ఒకటి. బాప్తిస్మం రిజిస్టరులో పేరు రాయించాలంటే వణుకు. పెళ్ళిపత్రిక మీద సిలువ వేయాలంటే వణుకు. చచ్చాక ఎక్కడ పూడ్చాలనేది కూడా దిగులే. దీన్ని అబద్ధంగా బతకడం అనేవాళ్ళు మన బయటా వున్నారు, మన చర్చిలోనూ వున్నారు. నిజం చెప్తే చదువు పోయేట్టు, చెప్పకపోతే మనస్సాక్షి పోయేట్టు చట్టం రాసినప్పుడు, ఆ మనిషికి వచ్చే గుండెదడని మేం పాపం అనలేం.

చర్చి ఆవరణ

భయాన్ని గుంపుగా మోస్తే ఏమవుతుందో మన చరిత్రే రెండుసార్లు చూపించింది.

1985 జూలై 17, కారంచేడు. ఆరుగురు మాదిగల్ని చంపారు. గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. నీళ్ళు పాడుచేయడాన్ని అడ్డుకుని, బిందె ఎత్తి ఎదిరించిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. ఆ పేరే చెప్తుంది ఆమె ఏ వాడ బిడ్డో, ఏ కూటం బిడ్డో. వూరు విడిచి చీరాల చేరిన జనం చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం చుట్టూ కదిలిన పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

1991 ఆగస్టు 6, చుండూరు. ఎనిమిది మంది మాలల్ని చంపారు. బతికినవాళ్ళు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణకి చేరారు. చనిపోయినవాళ్ళని వూరి నడిబొడ్డున పూడ్చి ఆ నేలకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. వూళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. న్యాయం చేతికొచ్చి జారిపోయింది. అయినా ఆ ఇరవై మూడేళ్ళు వాళ్ళు కోర్టు మెట్లెక్కగలిగారంటే ఒంటరిగా కాదు.

ఈ రెండు చోట్లా చర్చి ఆవరణలో జరిగిందేమిటి? భయపడొద్దని ఎవరూ వాళ్ళకి బోధించలేదు. భయపడినవాళ్ళు ఒకచోట పడుకున్నారు, ఒకే పొయ్యి మీద వండుకున్నారు, చనిపోయినవాళ్ళ కోసం కలిసి ఏడ్చారు. తెల్లారి కలిసి వూరేగింపు తీశారు.

వాక్యాన్ని మళ్ళీ చదవాలి

ఇంత చరిత్ర వుండగా మన ప్రసంగాల్లో చింత ఎందుకు ఒంటరి మనిషి తప్పుగా మారిపోయింది? కొండమీద ప్రసంగంలో పక్షుల గురించీ పువ్వుల గురించీ చెప్పిన భాగాన్నే చదువుతారు. కానీ ఆ మాట ఎవరికి చెప్పారు? రోము పన్నులకింద నలిగిన చేపలవాళ్ళకి, కూలివాళ్ళకి. అక్కడ క్రియలు బహువచనంలో వున్నాయి, గ్రీకులోనూ, మన తెలుగులోనూ. ఒక మనిషిని పక్కకు పిలిచి 'నువ్వు దిగులు పడొద్దు' అని గద్దించిన మాట కాదది. గుంపుకి, మీ కూడూ గుడ్డా సంగతి కలిసి చూసుకుందాం అని ధైర్యం చెప్పిన మాట. అదే ప్రసంగంలో నేర్పిన ప్రార్థన కూడా రొట్టెని 'నాకు' అని అడగదు, 'మాకు' అని అడుగుతుంది.

గెత్సేమనే తోట సంగతి చూడండి. చావు ముందు రాత్రి ఏసు కలత పడ్డాడనీ, చెమటలు కారాయనీ సువార్తలే రాశాయి. ఆయన స్నేహితుల్ని అడిగింది ఒక్కటే, నాతోపాటు మేలుకుని వుండమని. వాళ్ళు నిద్రపోయారు. కలత పడటం అవిశ్వాసమైతే ఆ తోటలో అవిశ్వాసి ఎవరు? తప్పు కలతపడిన మనిషిదా, నిద్రపోయిన స్నేహితులదా? మన వాడల్లో జాగారం ప్రార్థన అనేది ఆ నిద్రకి జవాబుగా పుట్టిందని మేం అనుకుంటాం.

మారిన దళితుల కోసం క్రైస్తవం ఏం చేసిందని, వాళ్ళ బాధల మీద ఎందుకు నోరు విప్పదని అంబేడ్కర్ నిలదీశారు. పరలోకం గురించి చెప్పి భూమ్మీద అన్యాయాన్ని వదిలేయడాన్ని ఆయన తప్పుపట్టారు. మన చర్చిల్లో మాల మాదిగ గీతలు, ఇంకా పైన అగ్రకుల క్రైస్తవుల గీతలు ఇప్పటికీ చెరగలేదు. ఆ గీతల వల్ల పుట్టే దిగులు గురించి ప్రసంగం ఎప్పుడు విన్నాం?

కాబట్టి కార్యకర్తలకీ, టీచర్లకీ, పాస్టర్లకీ మేం చెప్పేది ఇది. కుల సర్టిఫికెట్టు సీజనులో, పరీక్షల సీజనులో మీ పిల్లల మొహాలు చూడండి. నిద్ర పట్టడం లేదంటే, గుండె దడదడలాడుతోందంటే, వూపిరాడనట్టుందంటే విశ్వాసం సంగతి ఎత్తకండి. ముందు వినండి. వారాల తరబడి తగ్గకపోతే తిరుపతి రుయా ఆసుపత్రికి తోడు పోండి. పోలేనివాళ్ళకి 14416కి ఫోను చేయమని చెప్పండి, ప్రభుత్వ టెలీమానస్ అది, డబ్బు కట్టాల్సిన పని లేదు. ప్రార్థన ఆపమని మేం అనడం లేదు. దాన్ని పక్కన కూచుని చేయమంటున్నాం. ఇక మూడో పేరా పోయేదాకా పోరాటం ఆపకూడదు. ఎందుకంటే రోగికి మందిస్తూ రోగం పుట్టించే మురుక్కాలువని వదిలేసేవాడు వైద్యుడు కాడు.

మళ్ళీ డిసెంబరు వస్తుంది. నక్షత్రం బయట కట్టమని మేం ఆ పిల్లకి చెప్పలేం. కట్టాక వచ్చే నష్టం మాది కాదు, ఆ ఇంటిది. కానీ ఆ రాత్రి ఆ ఇంట్లో కూటం పెట్టగలం. లోపల కట్టిన నక్షత్రం కింద చాప పరిచి ఆమె సాక్ష్యం వినగలం. ఆమె దిగులు చెప్పడం పూర్తయ్యేదాకా ఎవరూ నిద్రపోకుండా వుండగలం.